పసుపు పూసిన పాలసీ

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. తొంభైల్లో మా బండారులంకలో బడి వరండా మీద సాయంత్రం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. పలక మీద నేను రాసిన ‘అ’ చూసి, చెప్పే పిల్ల నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగేది. అయినా ఏడాది తిరిగేసరికి ఒత్తులతో సహా కూడబలుక్కుని చదవడం పట్టుబడింది. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకి ఒక పిచ్చి ఉంటుంది, కనిపించిందల్లా చదువుతారు. సబ్బు మీద రాసింది చదివాను. బస్సు వెనకాల రాసింది చదివాను. పకోడీలు కట్టి ఇచ్చిన కాగితాన్ని నూనె మరకల్లోంచి చదివాను. శుభలేఖ వస్తే పెళ్ళికొడుకు పేరుతో ఆగేదాన్ని కాదు, అడుగున అచ్చేసినవాళ్ళ పేరు దాకా వెళ్ళేదాన్ని.

అలాంటిదాన్ని ఒక్క పుస్తకం మాత్రం చదవలేదు. అది మా ఇంట్లోనే, దేవుడి గూట్లోనే, రెండేళ్ళ పైన ఉంది.

మాది మగ్గాల ఇల్లు. నడవలో రెండు గుంట మగ్గాలు. ఒకటి మా అబ్బాయిది. రెండోది మా మామగారు వేసింది. ఆయన తర్వాత మా ఆయన నేశారు, మా ఆయన పోయాక కోడలు నేసింది. గుంట మగ్గం చూడనివాళ్ళకి చెబుతాను. నేలలో మోకాళ్ళు దాటే లోతున ఒక గొయ్యి ఉంటుంది. దాని గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, అడుగునున్న తొక్కుడు కర్రలు తొక్కుతూ నేయాలి. ఎదురుగా పొట్ట దగ్గర, నేసిన బట్ట చుట్టుకునే లావుపాటి కర్ర ఉంటుంది. గట్టుకీ ఆ కర్రకీ మధ్య ఉన్న చోటులోనే మనిషి సర్దుకోవాలి. నా పని రాట్నం మీద నూలు కండెలు చుట్టడం. నేను చుట్టిన కండె వాళ్ళు పడవలాంటి నాడెలో పెట్టుకుంటే అది నిలువు పోగుల పడుగులో అటూ ఇటూ పరిగెత్తి బట్టవుతుంది.

కోడలు మా అబ్బాయి కంటే బాగా నేస్తుంది. వాడికీ తెలుసు కాబట్టి రాయడానికి మొహమాటం లేదు. అమలాపురం కొట్టువాళ్ళు చీర అంచు తిరగేసి చూసి, ఇది ఆవిడ నేసిందేనా అని అడిగి మరీ పట్టుకెళ్ళేవారు.

రెండో కాన్పు తర్వాత ఆమె లావెక్కడం మొదలుపెట్టింది. దాచడం ఎందుకు, అందులో సగం నా చెయ్యి. మా వైపు ఎదుటివాళ్ళ కంచం ఖాళీ కావడం చూడలేం. ‘చాలండి’ అంటే వినపడనట్టు ఇంకో గరిటె వేస్తాం. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వేస్తాం. నెయ్యి సంగతి చెప్పక్కర్లేదు. మిగతా సగం ఒంట్లో ఏదో గ్రంథి సరిగ్గా పనిచేయకపోవడం వల్లనని డాక్టరు తర్వాత చెప్పాడు. గ్రంథికి మందు బిళ్ళ ఇచ్చాడు. నా చేతికి ఇవ్వలేదు.

యానాం దగ్గర గోదావరి మీద బ్రిడ్జి పడ్డ నాలుగైదేళ్ళకి అనుకుంటాను, ఒక రోజు పొద్దున్న కోడలు మగ్గంలో కూర్చుని నాలుగు పోగులు వేసి ఆగిపోయింది. కర్ర పొట్టకి పట్టేసింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. అబ్బాయి ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని లాగాం.

“ఒరే, నువ్వు లాగుతున్నావా, నెడుతున్నావా?” అన్నాను.

“నేను లాగుతున్నానమ్మా. నువ్వే నా కాలు తొక్కేసేవు.”

“ఇద్దరూ ఆగండి ఒకసారి. ఊపిరి తీసుకోనివ్వండి,” అంది కోడలు.

బయటపడ్డాక ముగ్గురం కింద చతికిలబడి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. మధ్యాహ్నానికి ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ మగ్గం మీద ఉల్లిపొర రంగు చీర సగం దాకా వచ్చి ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పింది. అబ్బాయి పూర్తి చేస్తానంటే ముట్టుకోనివ్వలేదు.

ఆ మర్నాటి నుంచి నా పక్కన ఇంకో రాట్నం పెట్టుకుని కూర్చుంది. కండెలు చుట్టడం కళ్ళు ఆననివాళ్ళ పని, కాళ్ళు తొక్కలేనివాళ్ళ పని. ముప్పై అయిదేళ్ళ మనిషి, పన్నెండో ఏట మగ్గం ఎక్కిన మనిషి, రాట్నాన్ని గొంతు నులుముతున్నట్టు తిప్పేది. పక్కింటావిడ ఉప్పు అడగడానికి వచ్చి నిలబడింది.

“ఏమండీ వదినగారూ, కోడలు మగ్గం దిగిపోయిందటగా. అత్తాకోడళ్ళిద్దరూ కండెలు చుడితే మరి నేసేదెవరండీ?”

“మీ ఆయన అరుగు మీద ఖాళీగానే ఉన్నాడుగా, పంపించండి,” అన్నాను. ఉప్పు తీసుకోకుండానే వెళ్ళింది.

అమలాపురం డాక్టరు షుగరు ఉందన్నాడు, మోకాళ్ళు అరుగుతున్నాయన్నాడు, పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వస్తోందన్నాడు. విశాఖపట్నంలో కడుపు చిన్నది చేసే ఆపరేషను చేస్తున్నారు, వెళ్ళి చూపించండి అన్నాడు. రాజమండ్రి వెళ్ళి రైలెక్కాం. విశాఖపట్నం డాక్టరు చేయొచ్చన్నాడు. అయితే ముందు ఒక పది కిలోలైనా తగ్గి రావాలని, ఏం తినాలో ఏం తినకూడదో తెలుగులో అచ్చేసిన కాగితం చేతికిచ్చాడు. బీమా ఉందా అని అడిగాడు. ఉందండీ అని మా అబ్బాయి ఎంత గట్టిగా చెప్పాడంటే పక్క గదిలోంచి నర్సు తొంగి చూసింది.

ఆసుపత్రివాళ్ళు కంపెనీకి కాగితాలు పంపారు. మేం అక్కడి వరండాలో ఇడ్లీలు తింటూండగానే జవాబు వచ్చింది. కౌంటరులో అమ్మాయి ఇంగ్లీషు కాగితం చదివి, “లావు తగ్గించే ఆపరేషనుకి మీ పాలసీ వర్తించదండి. పాలసీ పుస్తకంలోనే ఉంటుందండి ఆ మాట,” అంది.

“ఉండదు,” అన్నాను నేను. చదవనిదాన్ని ఉండదని ఎలా అన్నానో నాకే తెలియదు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే గూట్లోంచి పుస్తకం తీశాను. పాలసీ ఇంగ్లీషులో ఉన్నా దాంతోపాటు తెలుగులో సన్నటి పుస్తకం ఒకటి ఇచ్చారు. మా ఇంటికి కొత్త కాగితం ఏది వచ్చినా నాలుగు మూలలా పసుపు పూసి, కుంకుమ అద్ది, దేవుడి దగ్గర పెట్టడం అలవాటు. శుభలేఖకి ఎలాగో పొలం పాసుపుస్తకానికీ అలాగే. ఈ పుస్తకానికి అట్టకీ, మొదటి పేజీకీ, చివరి పేజీకీ కూడా పూశాను, ఆరోగ్యం విషయం కదా అని కాస్త మందంగానే. అలా పూశాక ఇక దాన్ని తెరిచి చదవాలని తోచదు. దేవుడి దగ్గర పెట్టినదాన్ని మళ్ళీ తీసి పరీక్ష చేయడం ఏమిటి?

చివరి పేజీలో ‘వర్తించనివి’ అని ఒక వరస ఉంది. కళ్ళద్దాలు, పళ్ళు, కాన్పులు. అన్నీ చదివాను. లావు మాట ఎక్కడా లేదు. అడుగున కుడి మూల పసుపు పెచ్చుకట్టి ఉంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచాను. కిందనుంచి ఒక వాక్యం లేచింది. స్థూలకాయం తగ్గించుటకు చేయు చికిత్స, శస్త్రచికిత్స. ఆ మొదటి మాట నాకు అర్థం కాక అబ్బాయిని అడిగాను.

“అంటే లావమ్మా,” అన్నాడు.

పాలసీ కట్టించిన ఏజెంటు మా వీధి చివరే ఉంటాడు. పిలిపించాను.

“ఏరా అబ్బాయ్, ఈ మాట ఉందని నీకు తెలుసా?”

“తెలుసండి పిన్నిగారూ.”

“మరి చెప్పలేదేం?”

“అప్పటికి మీ కోడలుగారు ఇంత లావు లేరు కదండి. ముందే చెబితే మీరు ఇంకోలా అనుకుంటారని.”

లోపల కోడలు ఫక్కున నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు వినడం. అందుకని వాణ్ణి ఎక్కువ తిట్టలేదు. కాకినాడలో కంపెనీ ఆఫీసుకి వెళ్ళి అర్జీ పెట్టుకోమని వాడే దారి చెప్పాడు.

కోడలు రానంది. “నన్ను అక్కడ ప్రదర్శన పెడతారా అత్తయ్యగారూ?” అంది. చూడకపోతే ఎలా నమ్ముతారమ్మా అన్నాను. యానాం మీదుగా బస్సులో వెళ్ళాం. ఆఫీసరుగారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. కూర్చుని అనేకంటే ఇరుక్కుని అంటే సరిగ్గా ఉంటుంది. కుర్చీ చేతులు రెండూ ఆయన్ని కావలించుకుని ఉన్నాయి. నేనేం అంటానోనని కోడలు ముందే నా చెయ్యి గిల్లింది.

“కూర్చోండి మామ్మగారూ. చెప్పండి.”

పుస్తకం ఆయన ముందు పెట్టి ఆ వాక్యం మీద వేలు పెట్టాను. “ఈ మాట మీరు రాసిందేనా బాబూ?”

“మేం రాయమండి. పైనుంచి వస్తుందండి. ఇదేంటండి, పచ్చగా ఉంది?”

“పసుపు. అది మా ఇంటినుంచి వచ్చింది. సరే గానీ, ఈ పిల్లకి మోకాళ్ళు పూర్తిగా అరిగిపోతే మీ కంపెనీ ఆపరేషను చేయిస్తుందా?”

“ఆయ్. దానికి వర్తిస్తుందండి.”

“షుగరు ముదిరి కాలు తీసేయాల్సి వస్తే?”

“వర్తిస్తుందండి.”

“గుండె పట్టేస్తే?”

“అత్తయ్యగారూ,” అంది కోడలు.

“ఉండమ్మాయ్. పట్టేస్తే బాబూ?”

“ఆసుపత్రిలో చేరితే వర్తిస్తుందండి.”

“అయితే ఇవన్నీ వచ్చేదాకా ఇంట్లో కూర్చుని, వచ్చాక రమ్మంటారు. రాకుండా చేయించుకుంటామంటే మాత్రం ఇవ్వరు.”

ఆయన పుస్తకం ఒకసారి తిరగేసి మళ్ళీ మూశారు. “ఆయ్. మీరన్నట్టు చూస్తే అంతేనండి. లావు జబ్బు కిందకి రాదండి. మనిషి తనంతట తాను తెచ్చుకున్నదని కంపెనీ ఉద్దేశమండి.”

“ఈ పిల్ల తెచ్చుకోలేదు. నేను పెట్టేను.”

ఆయన నవ్వారు. బల్ల మీద పెన్నుల డబ్బా కదిలింది. నాకు ఇక నోరు ఆగలేదు. “మరి మీ పాలసీ కూడా ఈ కంపెనీదేనా బాబూ?”

“ఆయ్. ఇదేనండి.”

“అయితే మీకూ వర్తించదు.”

“నాకూ వర్తించదండి.”

“మీకెవరు పెట్టేరు?”

“మా అమ్మగారండి,” అన్నారు ఆయన. కోడలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

మంచి మనిషి. కుండబద్దలు కొట్టినట్టే చెప్పారు, ఆశ పెట్టుకోవద్దండి అని. అయినా అర్జీ రాసిస్తే హైదరాబాదు పంపుతానన్నారు. అక్కడివాళ్ళు చూసి ఏదో ఒకటి రాస్తారన్నారు. మేం లేస్తుంటే, విశాఖపట్నం డాక్టరుగారిచ్చిన తిండి కాగితంలో ఏముందండీ అని మెల్లగా కోడల్ని అడిగారు.

అర్జీ నేనే రాస్తానన్నాను. అబ్బాయి రాస్తే రెండు నిమిషాల పని. నాకు నాలుగు రోజులు పట్టింది. పలక మీద రాసి, దిద్ది, కాగితం మీదకి ఎక్కించాను. ‘అయ్యా, మా కోడలు చీరలు నేస్తుంది. ఇప్పుడు మగ్గంలో పట్టడం లేదు. ఆపరేషను చేయిస్తే పడుతుంది. పడితే పని చేసుకుంటుంది, మీకు కిస్తీ కడుతుంది. పట్టకపోతే జబ్బులన్నీ వచ్చి మీకే ఎక్కువ ఖర్చు. ఆలోచించగలరు.’ ఇంతే. సంతకం మాత్రం పెద్దగా పెట్టాను. వేలిముద్రలు వేసిన చెయ్యి అది.

జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా ఊరికే కూర్చోకూడదు కదా. వాళ్ళు సరేనంటే పది కిలోలు తగ్గి సిద్ధంగా ఉండాలి. తిండి కాగితం వంటింటి గోడకి అంటించాను, పసుపు పూయకుండా. ప్రతి పూటా చదివి వినిపించి వడ్డించేదాన్ని. కప్పు అన్నం, గిన్నెడు కాదు కప్పు, నాలుగు చెంచాల పప్పు, ఆకుకూర ఎంతైనా. నెయ్యి లేదు. చదవడం బాగానే ఉండేది గానీ నా చెయ్యి ఆ కాగితం చదవలేదు కదా, అలవాటున గరిటెతో మళ్ళీ కంచం మీదకి వచ్చేసేది.

“అత్తయ్యగారూ, ఆ చెయ్యి వెనక్కి తీసుకోండి.”

“సగం గరిటే.”

“కాగితంలో సగం గరిటె ఉందా? చదవండి.”

చదివేదాన్ని. ఉండేది కాదు. ఆ సగం గరిటె తీసుకెళ్ళి కొడుక్కి వేస్తే వాడికి పొట్ట రావడం మొదలైంది. దాంతో ఇంటిల్లిపాదికీ అదే తిండి చేశాను. నేనైతే రవికల కుట్లు విప్పి మళ్ళీ బిగించుకోవాల్సి వచ్చింది. ఎండ ఎక్కకముందే కోడలు కాలవ గట్టున నడిచేది. మోకాళ్ళ నొప్పికి కొబ్బరిచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఆగేది. మొదట్లో మూడు చెట్లు, తర్వాత పది, తర్వాత లెక్క మానేసింది. పక్కింటావిడ కూడా వెంట నడవడం మొదలుపెట్టింది, కబుర్ల కోసం. ఉప్పు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

జవాబు వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. పోస్టుమేన్ నన్ను పిలిచి చేతికిచ్చాడు. రెండే ముక్కలు. మీ అర్జీ పరిశీలించడమైనది. నిబంధనల ప్రకారం వీలుపడదు. పైకి చదివాను. అబ్బాయి మగ్గం ఆపాడు. కోడలు లేచి వెళ్ళి తన మగ్గం మీద దుప్పటి తీసి ఆ ఉల్లిపొర రంగు చీర మీద దుమ్ము చేత్తో తుడిచింది. తర్వాత గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేసింది. పదకొండు కిలోలు తగ్గింది కదా, పడుతుందనుకున్నాను. దాదాపు పట్టింది. ఇంకా నాలుగు వేళ్ళు కావాలి. వంగితే కర్ర పట్టేస్తోంది.

అలాగే కూర్చుని అంది, “ఈ గట్టు జానెడు వెనక్కి కొడితే ఏమవుతుందండీ?”

అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. “తాతగారు ముహూర్తం పెట్టించి తవ్వేరు ఆ గొయ్యి. దాన్ని ముట్టుకోకూడదు. మగ్గం అచ్చిరాదు.”

వాడన్నది మా ఇళ్ళలో అందరూ అనే మాటే. మగ్గం గొయ్యి ఒకసారి తవ్వాక దానికి పూజ చేస్తాం, అలుకుతాం, ముగ్గేస్తాం. దాన్ని మార్చాలని ఎవరికీ తోచదు. మనిషే దానికి సరిపోవాలి. వాడి మాట విన్న తర్వాత నా మీద నాకే ఒళ్ళు మండింది. గునపంతో జానెడు మట్టి గీయడానికి భయపడ్డవాళ్ళం, ఈ పిల్ల కడుపు కోయించడానికి మాత్రం రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం.

“నీకు ఇది ఎప్పుడు తోచిందే?” అని అడిగాను.

“మీరు నన్ను లాగిన రోజేనండి.”

“మరి చెప్పలేదేం?”

“కోడలు పట్టలేదని గొయ్యి తవ్వేరట అని వీధంతా చెప్పుకుంటారు. ఆపరేషనయితే జబ్బు అనుకుంటారు.”

“ఒరే, గునపం తీసుకురా,” అన్నాను.

వాడు దేవుడికి దండం పెట్టి, గొయ్యికి దండం పెట్టి, నాకేసి ఒకసారి చూసి మొదలుపెట్టాడు. పైన అలికిన పొర ఊడింది. కింద మట్టి మెత్తగా, నల్లగా, విడివిడిగా రాలుతోంది. జానెడు లోపలికి వెళ్ళేసరికి గునపం ఠంగుమంది. లోపల ఇటికల వరస ఉంది, నున్నగా, అరిగి, మనిషి కూర్చుని కూర్చుని పల్లం పడిన ఇటికలు. అబ్బాయి గునపం కింద పెట్టేశాడు.

నాకు అప్పుడు అర్థమైంది. మా మామగారి అసలు గట్టు అది. ఆయన భారీ మనిషి. నేను కాపరానికి వచ్చేటప్పటికే మంచం పట్టి ఉన్నారు, అయినా మంచం నిండుగా ఉండేవారు. మా ఆయన వెదురుబద్దలా ఉండేవారు. ఆయన ఆ మగ్గం ఎక్కినప్పుడు ముందుకి మట్టి వేసి గట్టు దగ్గరికి జరిపి ఉంటారు. నేను రాకముందే. మేం ఇన్నాళ్ళూ ముట్టుకోకూడదని అలికి ముగ్గులేసింది మామగారి గొయ్యికి కాదు, మా ఆయన నడుముకి.

“నాన్న ముట్టుకున్నారన్నమాట,” అన్నాడు అబ్బాయి.

“ముట్టుకుని ముప్పై ఏళ్ళు నేసేరు. అచ్చిరాకపోతే నువ్వెలా పెరిగేవు?”

మట్టి ఎత్తి పోసి, ఇటికలు కడిగి, పైకి లేవడానికి పట్టుకోవడం కోసం దూలానికి ఒక తాడు కట్టాం. కోడలు ఆ పల్లంలో కూర్చుంది. పొట్టకీ కర్రకీ మధ్య నా అరచెయ్యి పెట్టి చూశాను. పట్టింది. ఆమె తొక్కుడు కర్ర తొక్కి నాడె విసిరింది. నెలల తరబడి ఆగిన నూలు కదా, రెండుసార్లు తెగింది. ముడేసుకుంది. మూడోసారి నాడె ఆ చివరకి వెళ్ళి వచ్చింది.

వీధిలో చెప్పుకున్నారు. ఎందుకు చెప్పుకోరు? పక్కింటావిడ వచ్చి గొయ్యి చూసి, “మా ఆయనకి కూడా ఇలాగే జరిపిస్తే అరుగు దిగుతాడేమోనండి,” అంది. ఉప్పు తీసుకుని వెళ్ళింది.

ఆపరేషను జరగలేదు. డాక్టరు ఇప్పటికీ అది చేయించుకుంటే మంచిదనే అంటాడు. ఆయన చదువుకున్నవాడు, కాదనను. కోడలు షుగరు బిళ్ళ వేసుకుంటూనే ఉంది, నడుస్తూనే ఉంది, ఇప్పటికీ లావుగానే ఉంది. కాకినాడ ఆఫీసరుగారికి తిండి కాగితం నా చేత్తో ఎత్తి రాసి పంపాను. నేను రాసిన రెండో ఉత్తరం అది. పాలసీ మానలేదు. ఏటా కొత్త పుస్తకం వస్తుంది. ముందు చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా చదువుతాను, తర్వాతే పసుపు పూస్తాను. అదీ అక్షరాలు లేని చోట చూసి.

గట్టు జరిపిన ఆ రోజు ఉల్లిపొర రంగు చీర సాగుతూంటే నేను గడప దగ్గర కూర్చుని ఆ రెండు ముక్కల ఉత్తరం మళ్ళీ చదువుకుంటున్నాను. నా పేరు అచ్చులో ఎలా ఉందో చూసుకుంటున్నాను. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

“ఏమండీ అత్తయ్యగారూ, చదివింది చాలు గానీ, కండెలు అయిపోయాయండి.”

“ఆయ్, తెస్తున్నా,” అన్నాను.